గంధక సమ్మేళనాల సంశ్లేషణ: వాసన పోగొట్టడం వేరు, శుద్ధి చేయడం వేరు

వ్యవసాయ రసాయన శాస్త్ర ప్రయోగశాలలో గంధకం గల కర్బన సమ్మేళనాన్ని తయారుచేసే రోజున ఆ సంగతి అంతస్తు మొత్తానికి తెలిసిపోతుంది. కిటికీలు తెరుస్తారు, పంకాలు వేస్తారు. పక్క గదివారు వంటగ్యాసు కారుతున్నదేమోనని వచ్చి అడిగిపోతారు. వారి అనుమానం అర్థం లేనిదేమీ కాదు. వంటగ్యాసుకు వాసన తెప్పించడానికి కలిపేది కూడా ఇథైల్ మెర్కాప్టాన్ అనే గంధక సమ్మేళనమే. దుర్వాసన భరించలేక అగరువత్తులు వెలిగించిన సందర్భాన్ని కూడా ఈ రచయిత చూడడం జరిగింది, అదీ ఈథరు సీసా మూత తీసి ఉన్న బల్లకు నాలుగడుగుల దూరంలో. సాయంత్రానికి గాలి మారుతుంది, వాసన తగ్గుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సిద్ధాంత గ్రంథంలో మాత్రం ఈ ఘట్టమంతా ఒకే వాక్యంగా మిగులుతుంది: ముడి పదార్థాన్ని వడగట్టి, నీటితో కడిగి, ఇథనాల్ నుండి పునఃస్ఫటికీకరించడమైనది.

ఈ వాక్యంపైనే ఈ వ్యాసంలో అభ్యంతరం తెలుపదలచుకున్నాము. చర్యామిశ్రమం నుండి గంధక ఉప ఉత్పన్నాలను తొలగించడాన్ని మనం ఇరుగుపొరుగువారికి ఇబ్బంది కలగకుండా చూసుకునే పారిశుధ్య కార్యంగా భావిస్తున్నాము. అది పొరపాటు. తయారైన సమ్మేళనాన్ని శిలీంధ్రాలపైనో, సూత్రకృములపైనో, విత్తనాలపైనో పరీక్షించబోయే మన రంగంలో, గంధక శేషాలను పూర్తిగా తొలగించామా లేదా అన్నదానిపైనే ఆ పరీక్ష ఫలితానికి అర్థం ఉండడమూ లేకపోవడమూ ఆధారపడి ఉన్నది.

మన విశ్వవిద్యాలయాలలో తరచుగా జరిగే ఒక సంశ్లేషణనే తీసుకొందాము. ఒక కర్బన ఆమ్లపు హైడ్రజైడును ఇథనాల్‌లో పొటాషియం హైడ్రాక్సైడు సమక్షంలో కార్బన్ డైసల్ఫైడుతో కలిపితే డైథయోకార్బజినేట్ లవణం ఏర్పడుతుంది. దానిని హైడ్రజీన్ హైడ్రేటుతో మరిగిస్తే వలయం మూసుకొని 4-ఎమినో-1,2,4-ట్రైయజోల్-3-థయోల్ వర్గపు సమ్మేళనం వస్తుంది. ఈ రెండవ దశలో హైడ్రోజన్ సల్ఫైడు వెలువడుతుంది. ద్రావణం ఆకుపచ్చగా మారి, వాయువు ఆగిపోయిన తరువాత దానిని మంచుముక్కలపై పోసి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఆమ్లీకరిస్తే తెల్లని లేదా లేతపసుపు అవక్షేపం దిగుతుంది. దిగుబడిని లెక్కించేది దీనినుండే.

ఆమ్లం కలిపిన ఆ క్షణంలో ఏమి జరుగుతున్నదో నిదానించి చూడాలి. క్షార ద్రావణంలో కరిగి ఉన్న సల్ఫైడు ఒక్కసారిగా హైడ్రోజన్ సల్ఫైడు వాయువై బయటికి వస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడు పి.కె.ఎ. విలువ 7కు సమీపంలో ఉంటుంది కనుక ద్రావణం తటస్థ స్థితి దాటుతుండగానే ఈ విడుదల ఉధృతమవుతుంది. అంతసేపు గాలి తగిలిన ద్రావణంలో సల్ఫైడు కొంత ఆక్సీకరణం చెంది పాలీసల్ఫైడుగా మారి ఉంటుంది. ఆమ్లంలో పాలీసల్ఫైడు నిలువదు. హైడ్రోజన్ సల్ఫైడు, మూలక గంధకం అనే రెండుగా విడిపోతుంది. ఆ గంధకం అతి సన్నని పాలవంటి రేణువులుగా, మన ఉత్పన్నంతో పాటే, అదే బీకరులో, అదే రంగులో అవక్షేపమవుతుంది. వడపోత కాగితంపై మిగిలినది ఒకే పదార్థమని అనుకోవడానికి ఆధారమేమీ లేదు. దుర్వాసన గల వాయువు కిటికీగుండా పోయింది. వాసన లేని గంధకం ఉత్పన్నంలో నిలిచిపోయింది.

ఇంతకన్న చిక్కయిన విషయం మరొకటి ఉన్నది. ఉత్పన్నపు శుద్ధతకు మనం ప్రధాన సాక్ష్యంగా చూపే ప్రోటాన్ ఎన్.ఎం.ఆర్. వర్ణపటంలో మూలక గంధకం కనబడదు, ఎందుకంటే అందులో హైడ్రోజన్ లేదు. కార్బన్ వర్ణపటంలోనూ కనబడదు. ఇన్‌ఫ్రారెడ్ వర్ణపటంలో సాధారణంగా మనం పరిశీలించే ప్రాంతంలో అది దాదాపు మౌనంగా ఉంటుంది. నూటికి ఐదు వంతుల గంధకం కలిసి ఉన్నా వర్ణపటాలు మచ్చలేనివిగానే కనబడగలవు. కర్బన, ఉదజని, నత్రజనులతో పాటు గంధకాన్ని కూడా లెక్కగట్టే మూలక విశ్లేషణ చేయిస్తేనే తేడా బయటపడుతుంది. ఖర్చుకు వెనుదీసి చాలామంది వదిలివేసేది సరిగ్గా ఆ విశ్లేషణనే.

ఇక ఆ శేషాల స్వభావాన్ని చూద్దాము. రసాయన శాస్త్ర విభాగానికి అవి కేవలం మలినాలు. వ్యవసాయ శాస్త్రానికి అవి మలినాలు మాత్రమే కావు. మూలక గంధకం మానవుడు ఎరిగిన శిలీంధ్రనాశినులలో అతి ప్రాచీనమైనది. బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం 3 గ్రాములు లీటరు నీటికి కలిపి పిచికారీ చేయుమని నేటికీ సిఫారసు చేస్తున్నాము, నల్లి నివారణకూ అదే చెబుతున్నాము. కార్బన్ డైసల్ఫైడు నిల్వ ధాన్యానికి ఊదర మందుగా వాడబడినది. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఫ్రాన్సు ద్రాక్షతోటలను నాశనం చేసిన ఫిల్లోక్సెరా పురుగుపై దానిని నేలలోనికి ఎక్కించారు. మీథేన్ థయోల్ ఆక్సీకరణం చెందితే వచ్చే డైమిథైల్ డైసల్ఫైడు కొన్ని దేశాలలో సూత్రకృములకు, నేల ద్వారా వ్యాపించే శిలీంధ్రాలకు ఊదర మందుగా నమోదై ఉన్నది. విత్తనశుద్ధికి వాడే థైరామ్ కూడా ఒక డైసల్ఫైడే. డైమిథైల్ ఎమీన్, కార్బన్ డైసల్ఫైడు, క్షారం ఒకచోట చేరితే డైమిథైల్ డైథయోకార్బమేట్ ఏర్పడుతుంది, అది ఆక్సీకరణం చెందితే థైరామ్ వస్తుంది. గాఢ క్షారంలో డైమిథైల్ ఫార్మమైడు జలవిశ్లేషణ చెంది డైమిథైల్ ఎమీన్‌ను ఇస్తుందన్నది తెలిసినదే కనుక, ఇథనాల్‌కు బదులు ఆ ద్రావణిలో కార్బన్ డైసల్ఫైడుతో చర్య నడిపే విద్యార్థి తనకు తెలియకుండానే ఫ్లాస్కులో ఒక పేరుగన్న శిలీంధ్రనాశినికి చోటు కల్పించే అవకాశం ఉన్నది.

అనగా మన చర్యామిశ్రమాలలో మిగిలే గంధక శేషాలలో చాలావాటికి సస్యరక్షణ చరిత్రలో సొంత స్థానం ఉన్నది. అటువంటి శేషం గల నమూనాను బంగాళాదుంప డెక్స్ట్రోజ్ అగార్‌లో కలిపి, విషపూరిత ఆహార పద్ధతిలో ఫ్యుజేరియంపైనో, స్క్లెరోషియంపైనో పరీక్షించి, పెరుగుదల నూటికి ఇంత తగ్గిందని ప్రకటిస్తే, ఆ తగ్గుదల కొత్త ట్రైయజోల్‌ది అని ఏ హక్కుతో చెప్పగలము? మూతపెట్టిన పెట్రీ పళ్ళెంలో ఆవిరయ్యే డైసల్ఫైడు కొద్దిగా ఉన్నా అది అగార్‌ను ముట్టుకోకుండానే, గాలి ద్వారానే శిలీంధ్రాన్ని చేరగలదు.

విత్తనాల విషయమూ ఇంతే. 2-ఎమినోథయజోల్‌ల తయారీకి థయోయూరియా మూలపదార్థం. థయోయూరియా బంగాళాదుంప దుంపల నిద్రావస్థను తొలగించడానికి వాడే పదార్థమని సస్య శరీరధర్మ శాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. దానికి చెప్పుకోదగిన దుర్వాసన లేదు. చర్యను అధిక థయోయూరియాతో నడిపి, సరిగా కడగకుండా, ఆ థయజోల్‌కు మొలకను ప్రేరేపించే గుణమున్నదని వ్రాస్తే అది కొత్త ఆవిష్కరణ కాదు, పాత మందుకు కొత్త పేరు. వేడినీటితో రెండుసార్లు కడిగితే తొలగిపోయే పదార్థానికి ఇంత శక్తి ఉన్నది.

ఈ వాదనపై ఒక న్యాయమైన అభ్యంతరం ఉన్నది. 1000 పి.పి.ఎమ్. వద్ద పరీక్షించే నమూనాలో నూటికి 5 వంతులు గంధకం ఉన్నా మాధ్యమంలో చేరేది 50 పి.పి.ఎమ్. మాత్రమే, పొలంలో పిచికారీ చేసే ద్రావణంలో, 80 శాతం మందును లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపితే, 2400 పి.పి.ఎమ్. గంధకం ఉంటుంది. ఇంత కొద్ది మోతాదు ఏమి చేస్తుందని సహాధ్యాయులు ప్రశ్నించవచ్చు. నిజమే, ప్రతిసారీ శేషమే పనిచేస్తున్నదని మేము అనడం లేదు. మూలక గంధకం అగార్‌లో సరిగా కరగదు కూడా. అయితే ఆవిరయ్యే డైసల్ఫైడులకు, డైథయోకార్బమేట్లకు ఈ లెక్క వర్తించదు. అవి అంతకంటె ఎంతో తక్కువ మోతాదులలోనే పనిచేయగలవు. అన్నిటికన్న ముఖ్యమైనది, ఏది పనిచేస్తున్నదో చెప్పలేని స్థితిలో మనం ఉండడమే అసలు లోపం. 'కొద్దిగా ఉన్నది కనుక ఫరవాలేదు' అని చెప్పాలంటే ముందు ఎంత ఉన్నదో కొలిచి ఉండాలి.

తొలగించే పద్ధతులు కొత్తవి కావు, ఖరీదైనవీ కావు. అయితే వాటిలో ఏది ఎప్పుడు అన్న వివేకం కావాలి. పైన చెప్పిన ట్రైయజోల్ థయోల్ విషయంలో ఉత్పన్నానికి ఆమ్లగుణం ఉండడం మన అదృష్టం. ముడి అవక్షేపాన్ని చల్లని సజల సోడియం హైడ్రాక్సైడులో కలిపితే ఉత్పన్నం కరుగుతుంది, గంధకం కరగదు. సన్నని రేణువులు కాగితం గుండా జారిపోతాయి కనుక సీలైటు పొరపై వడగట్టి, స్వచ్ఛమైన వడపోత ద్రవాన్ని తిరిగి ఆమ్లీకరించాలి. ఈ పనిలో వేడి చేయరాదు. వేడి క్షారంలో గంధకం పాలీసల్ఫైడుగా కరిగి వెంట వచ్చి, ఆమ్లం తగలగానే మళ్ళీ గంధకమై దిగుతుంది. చేసిన శ్రమ మొదటికి వస్తుంది. ఆలస్యమూ చేయరాదు. క్షార ద్రావణంలో థయోల్ గాలి సోకి డైసల్ఫైడుగా మారుతుంది. సోడియం సల్ఫైటు ద్రావణం గంధకాన్ని థయోసల్ఫేటుగా కరిగించుకుంటుందన్న మాట నిజమే కాని, ఆ ద్రవాన్ని వేరుచేయకుండా ఆమ్లీకరిస్తే థయోసల్ఫేటు విడిపోయి సల్ఫర్ డయాక్సైడును, దానితో పాటు మళ్ళీ గంధకాన్నే ఇస్తుంది. అందువలన ఆమ్లంతో దించుకోవలసిన ఉత్పన్నాల దగ్గర ఈ మార్గం తగదు. క్షారంలో కరగని తటస్థ ఉత్పన్నాలకు మాత్రం బాగా పనికివస్తుంది.

ఉత్పన్నం తటస్థమైనదై, మలినం థయోల్ అయితే లెక్క తిరగబడుతుంది. అప్పుడు సజల క్షారంతో కడిగితే థయోల్ లవణంగా మారి నీటి పొరలోనికి పోతుంది. ఇక్కడ విద్యార్థులు తరచుగా చేసే తప్పు ఆ నీటి పొరను తరువాతి ఆమ్లపు కడుగుడు నీటితో ఒకే వ్యర్థ సీసాలో పోయడం. ఆమ్లం తగలగానే వాసనంతా తిరిగి లేస్తుంది, మూత బిగించి ఉంటే పీడనమూ లేస్తుంది. మరికొందరు వాసన పోవాలని మిశ్రమానికి కొద్దిగా అయొడిన్‌నో, హైడ్రోజన్ పెరాక్సైడునో కలుపుతారు. వాసన నిజంగానే తగ్గుతుంది. కాని మృదువైన ఆక్సీకరణంతో థయోల్ డైసల్ఫైడు దగ్గర ఆగిపోతుంది. డైసల్ఫైడుకు ఆమ్లగుణం లేదు, క్షారంలోనికి పోదు, ఉత్పన్నంతో పాటు కర్బన ద్రావణిలోనే ఉండిపోతుంది. సులువుగా కడిగివేయగల మలినాన్ని వేరుచేయడం కష్టమైన మలినంగా మార్చి, వాసన తగ్గిందని తృప్తిపడడమే ఈ పని. ముందుగా క్షారంతో తీయవలసినదంతా తీసి, ఆ తరువాతనే, వేరుపడిన వ్యర్థానికి మాత్రమే ఆక్సీకరణిని చూపించాలి.

ఆ వ్యర్థానికి, గాజుసామానుకు, వాయువును పట్టే సీసాలకు బ్లీచ్ ద్రావణం, అనగా సోడియం హైపోక్లోరైటు, అన్నివిధాలా తగినది. అధికంగా వాడితే థయోల్‌ను డైసల్ఫైడు దాటించి సల్ఫోనిక్ ఆమ్లం వరకు తీసుకుపోతుంది, దానికి వాసన లేదు, నీటిలో కరుగుతుంది. సల్ఫైడును సల్ఫేటు చేస్తుంది. ద్రవం పాలలా తెల్లబడితే అది పని పూర్తి అయిన గుర్తు కాదు. గంధకం దగ్గర ఆగిపోయినదని, బ్లీచ్ ఇంకా కావలెనని అర్థం. బ్లీచ్ ఎల్లప్పుడూ క్షార స్థితిలోనే ఉండాలి, ఎందుకంటే ఆమ్లం తగిలితే క్లోరిన్ వస్తుంది. కనుక ఆమ్లీకరణ సమయంలో వాయువును ముందు సోడియం హైడ్రాక్సైడు సీసాగుండా, తరువాతనే బ్లీచ్ సీసాగుండా పంపాలి, ద్రవం వెనుకకు పీల్చుకోకుండా ఫ్లాస్కుకు, మొదటి సీసాకు నడుమ ఒక ఖాళీ సీసా ఉంచాలి. ఎమీన్‌లు, అమ్మోనియా ఉన్న ద్రవంలో బ్లీచ్ పోస్తే క్లోరమీన్‌లు పుడతాయి. ఎసిటోన్‌తో కడిగిన గాజుసామానును ఆరకుండానే బ్లీచ్ తొట్టిలో వేస్తే క్లోరోఫారం పుడుతుంది. హైడ్రజీన్ మిగిలి ఉన్న ద్రవానికి బ్లీచ్‌ను ఒక్కసారిగా చూపరాదు, ఆ చర్య ఉధృతమైనది.

కార్బన్ డైసల్ఫైడు సంగతి ప్రత్యేకం. అది 46 డిగ్రీల వద్ద మరుగుతుంది, సుమారు 90 డిగ్రీలకే తనంతట తాను అంటుకుంటుంది. నిప్పురవ్వ అక్కరలేదు, వేడెక్కిన ఆవిరి గొట్టం చాలు. సజల క్షారపు సీసా దానిని వెంటనే పట్టలేదు కూడా. లవణాన్ని వడగట్టిన తరువాత మిగిలిన ద్రవాన్ని వేడి పలకపై ఇంకించి వాసన పోగొట్టే ప్రయత్నం ఎవరూ చేయకూడదు. ఫ్యూమ్ హుడ్ ఉన్నది కదా అని కొందరు భరోసా పడతారు. హుడ్ వాయువును నాశనం చేయదు, డాబాపైకి పంపుతుంది. డాబాపై నీటి తొట్టి చూడడానికి వెళ్ళే పనివారు ఉంటారు.

ఏది పోయింది, ఏది మిగిలింది అన్న విచక్షణకు ముక్కు ఎంత తప్పుడు సాక్షియో చెప్పడానికి లింగాకర్షక పదార్థాల తయారీ మంచి ఉదాహరణ. శనగపచ్చ పురుగు బుట్టలలో వాడే ఎరలో ప్రధాన భాగమైన సిస్-11-హెక్సాడెసినాల్‌ను దాని ఆల్కహాల్ నుండి స్వెర్న్ ఆక్సీకరణం ద్వారా తయారుచేయవచ్చు. డైమిథైల్ సల్ఫాక్సైడు, ఆక్సాలిల్ క్లోరైడు, ట్రైఇథైల్ ఎమీన్‌లతో, మైనస్ 60 డిగ్రీల దిగువన నడిచే ఈ చర్యలో డైమిథైల్ సల్ఫైడు వెలువడి భరించరాని వాసన వేస్తుంది. అందరి దృష్టీ దానిమీదనే. నిజానికి అది 37 డిగ్రీలకే మరిగే పదార్థం, ద్రావణిని తొలగించేటప్పుడు తనంతట తానే పోతుంది, పోయేచోట బ్లీచ్ సీసా పెడితే చాలు. అదే ఫ్లాస్కు నుండి అదే సమయంలో కార్బన్ మోనాక్సైడు వెలువడుతున్నది. దానికి వాసన లేదు. ప్రాణాంతకమైనది అది. ఇక ఉష్ణోగ్రత కొంచెం పైకి పోనిస్తే ఆల్కహాల్ మిథైల్‌థయోమిథైల్ ఈథరుగా మారుతుంది. ఇది తేలికగా ఆవిరి కాదు, పెద్దగా వాసన వేయదు, ఎరలో చేరుతుంది. ఈ మూడింటిలో ముక్కు పట్టించేది అన్నిటికన్న సులువుగా పోయేదానిని మాత్రమే.

హైడ్రోజన్ సల్ఫైడు దగ్గర ఈ తప్పుడు సాక్ష్యం మరీ ప్రమాదకరం. కుళ్ళిన గుడ్ల వాసన పి.పి.ఎమ్.లో ఒక వంతు కన్న తక్కువ ఉన్నప్పుడే తెలుస్తుంది. 100 పి.పి.ఎమ్. దాటే సరికి ఘ్రాణశక్తి మొద్దుబారుతుంది. వాసన ఆగిపోయింది కదా అని గదిలోనికి వెళ్ళేవాడు ఎక్కువ వాయువులోనికి వెళుతున్నాడు. గోబర్ గ్యాస్ ప్లాంట్లలోనూ, పేడ గుంతలలోనూ జరిగే ప్రమాదాల గురించి విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు ఈ మాటే చెబుతున్నారు. అదే గోబర్ గ్యాస్‌ను తుప్పు పట్టిన ఇనుప రజను గుండా పంపి ఈ వాయువును తీసివేయాలని కూడా చెబుతున్నారు. రైతుకు చెప్పే శ్రద్ధను మన ప్రయోగశాలలో మనం పాటించకపోవడం వింతగా ఉన్నది. మందు ఘాటుగా వాసన వేస్తేనే బాగా పనిచేస్తుందన్న నమ్మకాన్ని రైతులనుండి తొలగించడానికి ఎంతో శ్రమపడుతున్నాము. ప్రొఫెనోఫాస్ వంటి మందుల ఘాటుకు విడిపోయిన ప్రొపేన్ థయోల్ ఒక కారణమని, అది మందు శక్తికి కొలమానం కాదని వివరిస్తున్నాము. వాసన లేదు కనుక నమూనా శుద్ధమైనదని మనం అనుకోవడం అదే నమ్మకాన్ని తలక్రిందులు చేసి పట్టుకోవడం.

మన విశ్వవిద్యాలయాలలోనే ఒక వర్గం శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని ఏనాడో గ్రహించారు. వారు అవశేషాల విశ్లేషకులు. కూరగాయలలో మాంకోజెబ్ వంటి డైథయోకార్బమేట్ అవశేషాలను కొలిచేటప్పుడు నమూనాను స్టానస్ క్లోరైడు కలిపిన ఆమ్లంతో మరిగించి, వెలువడిన కార్బన్ డైసల్ఫైడును రాగి ఎసిటేటు, డైఇథనాల్ ఎమీన్‌ల ద్రావణంలో పట్టి, పసుపు రంగును కొలవడం పాత పద్ధతి. ఆ దారిలో, రంగు సీసాకు ముందు, లెడ్ ఎసిటేటు సీసా ఒకటి ఉంటుంది. హైడ్రోజన్ సల్ఫైడును అక్కడే ఆపకపోతే రంగు నమ్మదగినది కాదని వారికి తెలుసు. క్యాబేజీ, కాలిఫ్లవర్ వంటి ఆవ కుటుంబపు పంటలు మందు చల్లకపోయినా కొంత కార్బన్ డైసల్ఫైడును ఇస్తాయని, అందువలన మందు చల్లని నమూనాను కూడా పక్కనే నడపాలని వారికి తెలుసు. నేల నమూనాల సారంలో మూలక గంధకం ఉంటే ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టరులో పెద్ద శిఖరంగా కనబడి మందు శిఖరాన్ని మరుగుపరుస్తుంది కనుక, శుభ్రమైన రాగి పొడితో కుదిపి, నల్లబడిన రాగితో పాటు గంధకాన్ని తీసివేస్తారు. ఆ పొడి ఇంక నల్లబడకుండా ఉండేవరకు మళ్ళీ మళ్ళీ కలుపుతారు. అదే రాగి పొడి సంశ్లేషణ గదికి నాలుగు గదుల దూరంలో ఉంటుంది. కాని గంధకంతో పాటు కొన్ని గంధక సమ్మేళనాలనూ రాగి పట్టుకుంటుంది కనుక థయోల్ ఉత్పన్నాలకు అది పనికిరాదు. తటస్థ ఉత్పన్నాలకు పనికివస్తుంది.

లాసన్ కారకంతో కార్బొనిల్ సమ్మేళనాలను థయోకార్బొనిల్‌లుగా మార్చే చర్యలలో ఫాస్ఫరస్, గంధకం రెండూ గల శేషాలు సిలికా స్తంభంపై ఉత్పన్నంతో పాటే దిగి వేధిస్తాయి. స్తంభానికి ముందే మిశ్రమాన్ని ఇథనాల్‌తో మరిగించి ఆ శేషాలను విడగొడితే నీటితో కడిగివేయడం సులువవుతుంది. ఇవన్నీ ఒక పూట పనులు. వాటిని చేయకపోవడానికి కారణం వనరుల కొరత అని మేము నమ్మడం లేదు. అడిగేవారు లేకపోవడమే కారణం.

కాబట్టి అడగవలసినవారు ఎవరన్నది స్పష్టం. గంధక సమ్మేళనాల సంశ్లేషణపై, ఆపై వాటి జీవపరీక్షపై వచ్చే ప్రతి సిద్ధాంత గ్రంథాన్నీ, వ్యాసాన్నీ పరీక్షించేవారు మూడు సంగతులు అడగాలి. గంధక శేషాలు ఏ రూపంలో ఉండగలవని భావించారు, వాటిని ఎట్లా తీశారు, తీసినట్టు ఎట్లా తెలుసు? మూలక విశ్లేషణలో గంధకపు శాతం తప్పనిసరిగా ఉండాలి. జీవపరీక్షకు మరొక ఆధారం కావాలి. ఆ సమ్మేళనాన్ని ఒకసారి స్ఫటికీకరించిన తరువాత ఒకసారి, మరి రెండుసార్లు శుద్ధి చేసిన తరువాత ఒకసారి అదే మోతాదులలో పరీక్షించి రెండు ఫలితాలనూ ప్రకటించాలి. శుద్ధి పెరిగేకొద్దీ శిలీంధ్రంపై ప్రభావం తగ్గుతూ పోతే, ఆ ప్రభావం ఎవరిదో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. స్థిరంగా ఉంటే ఆ విద్యార్థి ధైర్యంగా తన సమ్మేళనానికి పేరు పెట్టుకోవచ్చు.

మూలపదార్థమైన హైడ్రజైడు లేకుండా తక్కిన కారకాలన్నీ కలిపి, అదే వేడిలో, అదే ఆమ్లీకరణతో, అదే కడుగుడుతో నడిపిన ఒక 'వట్టి చర్య' నుండి వచ్చిన శేషాన్ని కూడా పరీక్షలో చేర్చమని కొందరు సూచించారు. మంచి సూచనే కాని లోపం లేనిది కాదు. హైడ్రజైడు లేనప్పుడు కార్బన్ డైసల్ఫైడు ఇథనాల్‌తో జాంథేటును, తరువాత హైడ్రజీన్‌తో వేరే ఉత్పన్నాలను ఇవ్వవచ్చు; అసలు చర్యలోని మలినాలకు అది సరైన ప్రతిబింబం కాకపోవచ్చు. అయినా ఏమీ లేకపోవడం కన్న అది మేలు, ముఖ్యంగా ఆ వట్టి చర్య శేషం కూడా పళ్ళెంలో శిలీంధ్రాన్ని అడ్డుకున్నప్పుడు.

వ్యర్థాల గురించి ఒక మాట. మన ప్రాంగణాలలో చాలాచోట్ల సింకు గొట్టం ఇంకుడు గుంతలోనికో, మురుగు కాలువలోనికో పోతుంది, ఆ కాలువ పక్కన పరిశోధన మళ్ళు ఉంటాయి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు ప్రయోగశాలలను మినహాయించలేదు. బ్లీచ్‌తో పూర్తిగా ఆక్సీకరించిన సల్ఫేటు ద్రవం ఒక సంగతి. లెడ్ ఎసిటేటు సీసాలోని నల్లని సీసపు సల్ఫైడు, రాగి పొడి కడుగుడు మరొక సంగతి. వాటికి వాసన ఉండదు కనుక అవి మొదట సింకు దారి పడుతున్నాయి. ఆమ్ల వ్యర్థానికి ఒకటి, సల్ఫైడు గల క్షార వ్యర్థానికి ఒకటి, సీసం, రాగి వంటి లోహాలకు ఒకటి చొప్పున మూడు వేరువేరు సీసాలు, వాటిపై చెరగని సిరాతో పేర్లు, ఈ రెండు వ్యర్థాలను కలుపరాదన్న హెచ్చరిక తెలుగులో కూడా వ్రాసి పెట్టడం విభాగాధిపతులు ఈ సంవత్సరమే చేయగల పని. ప్రయోగశాల సహాయకులలో చాలామంది చదివేది తెలుగే. సాయంత్రం సీసాలు ఖాళీ చేసేది వారే.